ఓతీలియా పేరుతో అచ్చయిన వార్త

లోమా ఆంచా ఊళ్ళో ఎవరు పోయినా పాదిరీగారికంటే ముందు ఓతీలియాకి తెలుస్తుందని అనుకునేవారు. అందులో అబద్ధమేమీ లేదు. ‘లా ఓరియా’ దినపత్రికలో ప్రమాదాలూ, హత్యలూ, నదిలో మునకలూ రాయడమే ఆమె పని. పెళ్ళికి ముందునుంచీ అదే పని. పాపలోయాపన్ నదిలో శవం తేలినా, రోడ్డు మీద లారీ బోల్తా పడినా, సారా దుకాణంలో కత్తులు లేచినా, పాత స్కూటరు మీద కెమెరా సంచీ వేలాడేసుకుని ఓతీలియా అక్కడ ప్రత్యక్షమయ్యేది. పోలీసు కమాండర్ దగ్గర్నుంచి అంబులెన్సు డ్రైవరు దాకా అందరికీ ఆమె ఓతీయే.

పేరుకేం, బోలెడంత ఉంది. ఆ పేరు చెప్తే కిరాణా కొట్టువాడు చిక్కుడు గింజలు కొలిచి ఇవ్వడు. పత్రికలో నెలజీతాలు ఎప్పుడో ఎత్తేశారు. అచ్చయిన వార్తకు ఇంత, వేసిన ఫొటోకు ఇంత. అచ్చు కాలేదా, తిరిగిన తిరుగుడంతా గాలికి పోయినట్టే. పెట్రోలు తనదే, ఫోను తనదే. భర్త ఫెర్మిన్ ఇంటి వరండాలోనే ఫ్యానులూ మిక్సీలూ బాగుచేసేవాడు. చేతిలో పనితనం ఉన్నా గట్టిగా డబ్బడిగే నోరు లేదతనికి. కూతురు మారిబెల్ వేరాక్రూజ్‌లో నర్సింగు చదువులో చేరాక, ఇద్దరి సంపాదనా కలిపినా నెల చివరి వారం పొయ్యి వెలగడం కష్టమైపోయింది.

సరిగ్గా అప్పుడే, ఊరంతా గౌరవంగా దోన్యా అని పిలిచే ఎర్లిందా నుంచి కబురొచ్చింది. మార్కెట్ మూల మీద ఆవిడకి అంత్యక్రియల కొట్టు ఉంది. పెట్టెలూ, పూలదండలూ, నల్లబండీ అన్నీ ఆవిడవే. కొట్లో ఎప్పుడూ కొత్త వార్నిషు వాసన.

“కూర్చో ఓతీ,” అంది ఎర్లిందా. “నెలనెలా కట్టుకునే పథకం పెడుతున్నా. బతికుండగానే కొంచెం కొంచెం కట్టుకుంటే, పోయినరోజు పెట్టె, బండి, కొవ్వొత్తులు, వచ్చినవాళ్ళకి కాఫీ, అన్నీ మేమే చూసుకుంటాం. ఇంటింటికీ వెళ్ళి చెప్పే మనిషి కావాలి. కుర్రాళ్ళని పంపితే ముఖం మీద తలుపేస్తున్నారు. నువ్వైతే తీస్తారు.”

“నన్ను చూస్తే భయపడతారు దోన్యా ఎర్లిందా. నేనొచ్చానంటే ఎవరో పోయారని అర్థం.”

“భయపడితే ఇంకా మంచిది. త్వరగా సంతకం పెడతారు.”

ఓతీలియాకి నవ్వొచ్చింది గానీ, ఒక మాట మాత్రం ముందే తేల్చి చెప్పింది. “రోడ్డు మీద నేను చూసిన శవాల సంగతి మీకు ఫోను చేసి చెప్పను. పక్క ఊళ్ళో విలేకరులు అలా చేసి కమీషన్ పుచ్చుకుంటారని తెలుసు. నేను చెయ్యను. అది వేరు, ఇది వేరు.”

“నిన్నెవరడిగారమ్మా?” అంది ఎర్లిందా, కాస్త నొచ్చుకుని. “నాకూ దేవుడంటే భయముంది.”

ఆ సంగతి ఇంటికొచ్చి చెప్తే ఫెర్మిన్ స్క్రూడ్రైవరు కింద పెట్టి చాలాసేపు నవ్వాడు. “పొద్దున శవానికి ఫొటో తీస్తావ్, సాయంత్రం పెట్టె అమ్ముతావ్. ఇక ఆ గొయ్యి తవ్వే పని కూడా అడిగి తెచ్చుకో, వేరేవాళ్ళకి ఎందుకు పోవాలి ఆ డబ్బు?”

“గొయ్యి నువ్వు తవ్వు. ఖాళీగానే ఉన్నావుగా.”

“నేను తవ్వితే వాళ్ళ దగ్గర డబ్బు అడగలేను. ఊరికే పూడ్చి వస్తాను. నీకు తెలుసుగా.”

అలా మొదలైంది. పొద్దున్న పత్రిక పని, మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇంటింటి తిరుగుడు. మొదటి వారంలో ఆమెకు సిగ్గు ముంచుకొచ్చింది. వార్త కోసం తలుపు తట్టడం అలవాటే, తన కోసం తట్టడం అలవాటు లేదు. కానీ ఒక సంగతి ఆమె అనుకోలేదు. విలేకరిగా వెళ్తే జనం గుమ్మంలో నిలబెట్టి మాట్లాడేవారు. ఇలా వెళ్తే లోపలికి రమ్మనేవారు. చావు గురించి మాట్లాడటం మొదలుపెడితే ముసలివాళ్ళు బతుకంతా చెప్పుకొచ్చేవారు. ఎవరు ఎవర్ని ప్రేమించింది, ఏ వరదకి ఏ ఇల్లు పోయింది, ఏ కొడుకు ఉత్తరం రాయడం మానేసింది. పత్రికలో ఎన్నేళ్ళు పనిచేసినా వినని ఊరి కథలు ఆ మధ్యాహ్నాల్లో విన్నది ఓతీలియా. వీటిలో ఒక్కటైనా రాయాలి అనుకునేది. ఇంటికొచ్చేసరికి ఒళ్ళు పులిసిపోయి ఉండేది.

అలా పరిచయమైందే దోన్యా కాస్తులా. బస్టాండు దగ్గర అనాస ముక్కలు కోసి, ఉప్పూ కారం చల్లి, నిమ్మకాయ పిండి అమ్మే ముసలావిడ. పొట్టి మనిషి, బుట్ట వెనకాల కూర్చుంటే తలే కనబడేది. ఒక్కగానొక్క కొడుకు ఇసిద్రో మోటోటాక్సీ నడిపేవాడు. ఆ మూడు చక్రాల బండి వెనక రెక్కలు చాచిన పచ్చ చిలకను తనే గీసుకున్నాడు. గీత రాని చేత్తో గీయడంతో అది చిలకో కోడిపుంజో తేలక ఊరంతా వాడిని “కోడిపుంజూ” అని ఏడిపించేది.

పథకం గురించి చెప్తుంటే కాస్తులా మధ్యలోనే అందుకుంది. “నాకు అర్థమైందమ్మాయ్, చదువు రాకపోతే బుర్ర లేదనా? చేరతాను. నేను పోతే వీడు అప్పు చేసి బండి అమ్ముకుంటాడు. ఆ బండే వీడి అన్నం.”

“అమ్మా, ఇప్పుడెందుకే ఈ మాటలు,” అన్నాడు ఇసిద్రో. మంచానికి కాళ్ళు వేలాడేసి మామిడికాయ కొరుకుతున్నాడు. “ఓతీ అక్కా, ఈవిడ నూరేళ్ళుంటుంది. మీ కొట్టే ముందు మూతపడుతుంది.”

“నువ్వు నోర్మూసుకో. అమ్మాయ్, బొమ్మలున్నాయా? చూపించు.”

ఓతీలియా పెట్టెల బొమ్మల పుస్తకం తీసింది. కాస్తులా ఒక్కో పేజీ పెళ్ళిబట్టలు కొంటున్నంత శ్రద్ధగా చూసింది. చివరికి ఆకాశం రంగుది, లోపల తెల్ల సిల్కు గుడ్డ కుట్టినది ఎంచుకుంది. “ఇది చల్లగా ఉంది కంటికి. జన్మంతా ఎండలో కూర్చున్నా.”

ఆ తర్వాత నెలనెలా మొదటి శనివారం ఓతీలియా వెళ్ళేది. కాస్తులా దాల్చినచెక్కా బెల్లమూ వేసి మరిగించిన కాఫీ ఇచ్చేది. డబ్బు జేబురుమాలులో మూటకట్టి సిద్ధంగా ఉంచేది. ఒక్కసారీ రేపు రమ్మనలేదు.

డిసెంబరులో చెరకు నరకడం మొదలైంది. నరకడానికి ముందు తోటలకు నిప్పు పెడితే మసి ఊరంతా ఎగిరి ఆరేసిన దుప్పట్ల మీద పడుతుంది. రాత్రీ పగలూ జంట ట్రాలీల లారీలు చెరకు నింపుకుని మిల్లుకి పరిగెత్తుతాయి. సగం వాటికి వెనక దీపాలుండవు. దారిలో చెడిపోతే అక్కడే, ఆ మలుపులోనే వదిలేసి డ్రైవర్లు నిద్రపోతారు. ఓతీలియా అలాంటి లారీలకు ఫొటోలు తీసి, వాటి యజమాని బాల్దోమేరో రుయెదా పేరుతో సహా రాసి, సంపాదకుడు దోన్ అరిస్తేయో ముందు పెట్టింది.

ఆయన కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని మొత్తం చదివాడు. “బాగా రాశావ్. ఉంచు, సీజనైపోయాక వేద్దాం.”

“సీజనైపోయాక రోడ్డు మీద లారీలుండవు కదండీ.”

“అందుకే అంటున్నా. అప్పుడు ఎవరికీ కోపం రాదు.”

చివరి పేజీ నిండా మిల్లువాళ్ళ ప్రకటనే వచ్చేది. ఆ ప్రకటన సొమ్ముతోనే తనకూ డబ్బు వస్తుందని ఓతీలియాకి తెలియకపోలేదు. కాగితాలు మడిచి సంచీలో పెట్టుకుంది.

ఫిబ్రవరిలో నార్తే అనే ఉత్తరపు చలిగాలి వీచి, ఊరి మీద మంచు కమ్మిన ఒక శనివారం తెల్లవారుతూండగా ఆమె ఫోను మోగింది. దక్షిణం రోడ్డు మలుపులో మోటోటాక్సీ ఒకటి చెరకు లారీ కిందికి దూరిందన్నారు. ఫెర్మిన్ కాఫీ పెడుతుంటే తాగకుండానే బయల్దేరింది.

అక్కడికి చేరేసరికి వెలుగొచ్చింది. రోడ్డు నిండా అనాసపండ్లు దొర్లి ఉన్నాయి. బస్సు దిగిన జనం, అటుగా పోయే జనం శాలువల్లో, టోపీల్లో ఏరుకుంటున్నారు. అలవాటు చొప్పున ఓతీలియా స్కూటరు ఆపుతూనే కెమెరా తీసి నొక్కేసింది. ఆగిన లారీ, దాని వెనక దీపం లేకపోవడం, కింద ఇరుక్కున్న మోటోటాక్సీ, పండ్లు ఏరుకునే జనం. తర్వాత ఇంకాస్త దగ్గరికి వెళ్తే నలిగిన రేకు మీద పచ్చరంగు రెక్క కనబడింది.

కమాండర్ తూలియో చెయ్యి అడ్డం పెట్టాడు. “ఇక దగ్గరికి రాకు ఓతీ. నీకు తెలిసినవాడే.”

“కాస్తులా కొడుకు.”

“అవును. మార్కెట్‌కి పళ్ళు తెస్తున్నాడు. అక్కడికక్కడే పోయాడు, కష్టపడలేదు.”

కష్టపడలేదని కమాండర్ ప్రతి శవం దగ్గరా అనేవాడు. ఎన్నిసార్లు విన్నా రాసుకునేది తప్ప, ఆ మాట ఎవరికోసం అంటున్నాడో ఓతీలియా ఎప్పుడూ ఆలోచించలేదు.

మలుపు పక్కన టైర్లకు పంక్చర్లు వేసే కొట్టుంది. అక్కడి ముసలాయన చలికి వణుకుతూ అంతా చెప్పాడు. లారీ రాత్రినుంచీ అక్కడే ఉంది. దీపం లేదు, కనీసం ఎర్రగుడ్డ కట్టలేదు. కుర్రాడు నెమ్మదిగానే వచ్చాడు, బరువుంది కదా. వాడి బండి దీపం వెలిగే ఉంది. ఆ దీపం చూసే తను బయటికొచ్చాడట, ఎవరో గిరాకీ వస్తున్నారని. అంతా రాసుకుంది. అలవాటైన చెయ్యి.

అప్పుడు చూసింది, ఇద్దరు కుర్రాళ్ళు ఫోన్లు ఎత్తి ఫొటోలు తీస్తున్నారు. ఇక ఆ బొమ్మలు గాలి కంటే ముందు ఊళ్ళోకి వెళ్తాయి. పత్రిక ఆఫీసునుంచి ఫోను మోగుతూనే ఉంది. ఆమె దాన్ని ఆపేసి స్కూటరు వెనక్కి తిప్పింది. ఎవరో ఫోను తెచ్చి కాస్తులా ముఖం ముందు పెట్టేలోపల తను అక్కడ ఉండాలి. దారంతా ఎలా చెప్పాలో వెతుక్కుంది. ఎన్నో ఏళ్ళుగా చావుల గురించి రాసిన మనిషికి ఒక్క వాక్యం దొరకలేదు.

కాస్తులా వాకిట్లో నీళ్ళు చల్లుతోంది. ఓతీలియాని చూసి ముఖం విప్పారింది.

“వచ్చావా తల్లీ! ఇంత పొద్దున్నే వస్తావనుకోలేదు. ఇవాళ మొదటి శనివారం కదూ, నాకు గుర్తుందిలే.” లోపలికి వెళ్తూనే మాట్లాడుతోంది. “ఇదిగో, కట్టి ఉంచా. కూర్చో, కాఫీ పొయ్యి మీదే ఉంది. వాడు పళ్ళకి వెళ్ళాడు, వచ్చేస్తాడు. పోయిన వారం మన పళ్ళు పులుపని బస్టాండులో ఒకావిడ ఎంత రాద్ధాంతం చేసిందో చెప్తా ఉండు...”

జేబురుమాలు మూట ఓతీలియా చేతిలో పెట్టింది. ఓతీలియా వేళ్ళు వాటంతటవే ముడుచుకున్నాయి. కాస్తులా కప్పు తేబోతూ ఆగి, ఆమె ముఖంలోకి చూసింది.

“ఏమైందమ్మాయ్?”

“దోన్యా కాస్తులా, కూర్చోండి.”

“నేను కూర్చోను. ఏమైందో చెప్పు.”

“ఇసిద్రో... మలుపులో... లారీ...”

“ఏ ఆస్పత్రి?”

ఓతీలియా తల అడ్డంగా ఊపింది.

ముసలావిడ గోడ పట్టుకుంది. ఆమె చూపు ఓతీలియా ముఖం మీంచి మెల్లగా జారి, చేతిలో ఉన్న మూట మీద నిలిచింది.

“మరి నా డబ్బెందుకు తీసుకున్నావే?” అంది.

అది కోపం కాదు. నిజంగా అర్థంకాక అడిగినట్టే అడిగింది. ఆ తర్వాతే కాస్తులా నేలమీదికి జారిపోయింది, ఆ తర్వాతే ఆ వీధి మొత్తం విన్న ఏడుపు వచ్చింది.

మధ్యాహ్నానికి ఎర్లిందా కొట్టులో ఇంకో మాట నడిచింది. కాస్తులా మనిషిని పంపి చెప్పించింది: నా పెట్టెలో వాడిని పడుకోబెట్టండి.

“పథకం ఆవిడ పేరు మీద ఉంది,” అంది ఎర్లిందా. “ఇంకా సగం కూడా కట్టలేదు. ఇలా ఒకళ్ళ కోసం మారిస్తే రేపు అందరూ అడుగుతారు.”

“నా కమీషన్ పట్టుకోండి. ఏడాదంతా పట్టుకోండి.”

“నీ ఇల్లెలా గడుస్తుంది పిచ్చిదానా?”

“ఎలాగో గడుస్తుంది. మొన్నటిదాకా గడవలేదా?”

ఎర్లిందా వార్నిషు డబ్బా మూత బిగించింది. తర్వాత లేచి పెట్టెల వైపు వెళ్ళింది. ఆకాశం రంగుది కొలిచి చూసింది. “ఆవిడకి కొలిచింది ఇది. వాడు పొడుగు. ఇందులో పట్టడు.” ఇంకో పెద్ద పెట్టెకి అదే రంగు వేయమని పనివాళ్ళని పిలిచింది. “తేడా డబ్బు నేను పెట్టుకుంటాను. ఎవరికీ చెప్పకు, నా వ్యాపారం పోతుంది.” రంగు పూర్తిగా ఆరకుండానే బండి ఎక్కించారు. దాంతో మోసిన నలుగురి భుజాలకీ నీలం అంటుకుంది.

సాయంత్రం ఓతీలియా వరండాలో కూర్చుని వార్త రాసింది. బాల్దోమేరో రుయెదా లారీ రాత్రంతా మలుపులో దీపం లేకుండా నిలబడి ఉందని రాసింది. ఈ సీజన్‌లో ఆ రోడ్డు మీద ఇలా పోయినవాళ్ళలో ఇతను మొదటివాడు కాదని రాసింది. ఇసిద్రో బండి నెమ్మదిగా వస్తోందనీ, దాని దీపం వెలుగుతోందనీ, చూసినవాళ్ళు చెప్పారనీ రాసింది. శవం ఫొటో పంపలేదు. దీపం లేని లారీ వెనక భాగం ఫొటో పంపింది. ఫెర్మిన్ చదివి, “ఈసారైనా వేస్తే బాగుండు,” అన్నాడు.

మర్నాడు పొద్దున్న కాస్తులా ఇంట్లో శవం చుట్టూ కొవ్వొత్తులు వెలుగుతున్నాయి. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు అరిటాకుల్లో మొక్కజొన్న పిండి తమాలెలు కడుతున్నారు. ఓతీలియా కొట్టు తరఫున వచ్చినవాళ్ళకి కాఫీ అందిస్తోంది. అప్పుడే మోటోటాక్సీ కుర్రాడొకడు ‘లా ఓరియా’ చేత్తో పట్టుకుని వచ్చాడు. ఓతీలియాకేసి అదోలా చూశాడు.

“చదువు నాన్నా,” అంది కాస్తులా. “వాడి గురించి ఏం రాశారో చదువు.”

“వద్దులే అత్తా.”

“చదవమన్నాను.”

కుర్రాడు నీళ్ళు నములుతూ చదివాడు. అతివేగంగా, నిర్లక్ష్యంగా నడిపిన మోటోటాక్సీ డ్రైవరు, ఆగి ఉన్న వాహనాన్ని ఢీకొని దుర్మరణం. వాహనం ఎవరిదో లేదు. దీపం మాటే లేదు. పైన ఫోనుతో ఎవరో తీసిన శవం బొమ్మ వేశారు. కింద అచ్చు: ఓతీలియా సరాతె.

కాస్తులా ఓతీలియా వైపు తిరిగింది.

“నువ్వు రాశావా?”

“నేను రాసింది ఇది కాదమ్మా. మార్చేశారు. నా పేరు ఉంది గానీ మాటలు నావి కావు.”

“నీ పేరు నీది కాదా మరి?”

ఓతీలియా చేతిలోని కాఫీ పళ్ళెం బల్ల మీద పెట్టింది. ఎవరూ ఆమెను వెళ్ళమనలేదు, ఉండమని కూడా అనలేదు. శవాన్ని సమాధుల దొడ్డికి తీసుకెళ్ళేటప్పుడు అందరికంటే వెనక నడిచింది.

అక్కడినుంచి నేరుగా పత్రికాఫీసుకు వెళ్ళింది. దోన్ అరిస్తేయో ఆమె కోసమే ఎదురుచూస్తున్నట్టు తలుపు మూసి కూర్చోమన్నాడు.

“నాకు తెలుసు నువ్వు ఏమంటావో,” అన్నాడు. ఆయన గొంతులో గర్వం లేదు, అలసట మాత్రమే ఉంది. “రుయెదా మనుషులు నిన్న మధ్యాహ్నమే వచ్చి కూర్చున్నారు, నువ్వు కూర్చున్న ఈ కుర్చీలోనే. ఏం చెయ్యమంటావ్?”

“వెయ్యకుండా ఉండాల్సింది. వాడు నిర్లక్ష్యంగా నడిపాడని ఎందుకు వేశారు? నా పేరెందుకు పెట్టారు?”

“నీ పేరుంటే జనం నమ్ముతారు గనక.”

“సవరణ వెయ్యండి. రెండు ముక్కలు చాలు. దీపం వెలుగుతోందని.”

“కుదరదు ఓతీ.”

“అయితే ఇక నా పేరు మీకు లేదు.”

అప్పుడాయనకి రోషం వచ్చింది. “నీతులు నాకు చెప్పకు. పొద్దున వార్త, సాయంత్రం పెట్టెలు. నీకు రెండు కొట్లున్నాయి, ఒకటి మూసినా ఇంకొకటి తెరిచే ఉంటుంది. నాకున్నది ఈ ఒక్కటే. మూస్తే ఇక్కడ పదిమంది రోడ్డున పడతారు.”

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. ఈ పత్రికను వదులుకోకుండా ఉండటం కోసమే ఆ పెట్టెల పనిలో చేరింది తను. ఎండలో ఇల్లిల్లూ తిరిగింది, మళ్ళీ పొద్దున్నే ఈ మెట్లెక్కాలని. అది ఈయనకి చెప్పుకోవాలనిపించలేదు. ఆఫీసు వాళ్ళిచ్చిన గుర్తింపు కార్డు మెడలోంచి తీసి బల్ల మీద పెట్టి వచ్చేసింది. మెట్లు దిగుతుంటే దోన్ అరిస్తేయో వెనకనుంచి పిలిచాడు కూడా. ఆగలేదు.

చావు తర్వాతి తొమ్మిది రోజులూ సందెవేళ కాస్తులా ఇంట్లో జపమాల ప్రార్థనలు జరిగాయి. ఓతీలియా రోజూ వెళ్ళింది. మొదటి రెండు రోజులూ వాకిట్లోనే చివర నిలబడింది. మూడో రోజు ఎవరో కుర్చీ లాగి ఇచ్చారు. కాస్తులా ఆమెతో మాట్లాడలేదు. ఆఖరి రోజు, శవాన్ని ఉంచినచోట నేలమీద సున్నంతో వేసిన సిలువను ఆనవాయితీ ప్రకారం ఊడ్చి ఎత్తి పూలతో కలిపి బుట్టలో పోశాక, జనం లేవబోతుంటే ముసలావిడ చెయ్యెత్తింది.

“ఓతీలియా, నువ్వు రాసిందన్నావే, ఆ రోజు. అది ఉందా?”

“ఉందమ్మా. ఫోన్లో.”

“అందరూ ఇక్కడే ఉన్నారు. చదువు.”

టార్పాలిన్ కింద జనమంతా మళ్ళీ కూర్చున్నారు. మోటోటాక్సీ కుర్రాళ్ళు గోడ వారన నిలబడ్డారు. ఓతీలియా చదవడం మొదలుపెట్టింది. తను రాసింది గట్టిగా పైకి చదవడం జీవితంలో అదే మొదటిసారి. రుయెదా పేరు వచ్చినచోట ఎవరో “ఆఁ” అన్నారు. రోడ్డు మీద చెరకు లారీ వెళ్తుంటే ఆ చప్పుడు పోయేదాకా ఆగి మళ్ళీ చదివింది. అయిపోయాక ఫోను దించింది.

“ఆ దీపం ముక్క మళ్ళీ చదువు,” అంది కాస్తులా.

“ఇసిద్రో బండి నెమ్మదిగా వస్తోంది. దాని దీపం వెలుగుతోంది.”

“మళ్ళీ.”

మళ్ళీ చదివింది. కాస్తులా పెదవులు కదుపుతూ విని, తల పంకించి, కళ్ళు మూసుకుంది. ఆ రాత్రి ఇంటికెళ్ళినవాళ్ళలో చాలామంది ఆ రెండు వాక్యాలూ తమ ఇళ్ళల్లో చెప్పుకున్నారు. అచ్చులో రానిది అలా కొంత దూరం వెళ్ళింది.

మర్నాడు మోటోటాక్సీవాళ్ళు మలుపులో బళ్ళు అడ్డం పెట్టి మధ్యాహ్నం దాకా రోడ్డు ఆపేశారు. కమాండర్ తూలియో వచ్చి బతిమాలాడు. ఆ వారమంతా లారీల వెనక ఎర్ర దీపాలు కనబడ్డాయి. తర్వాత ఒక్కొక్కటే ఆరిపోయాయి. ఎవరి మీదా కేసు నిలవలేదు. వానాకాలం రాగానే చెరకు అయిపోయింది, లారీలు వెళ్ళిపోయాయి. ‘లా ఓరియా’లో ప్రమాదాల వార్తలకి కొత్త కుర్రాడిని పెట్టుకున్నారు. రాత బాగానే ఉందని ఫెర్మిన్ అన్నాడు. ఓతీలియా చదవలేదు.

ఆమె ఇప్పుడు రోజంతా ఎర్లిందా కొట్టులోనే ఉంటోంది. ఇళ్ళకి వెళ్తుంది, పోయినవాళ్ళ బట్టలు సర్దుతుంది, పాదిరీతో మాట్లాడుతుంది, ఏడ్చేవాళ్ళ పక్కన కూర్చుంటుంది. ఆ పనిలో ఆమె నేర్పరి అని అందరూ అంటారు. మారిబెల్ ఫీజు ఆగలేదు. అప్పుడప్పుడూ ఏదో ఇంట్లో, “మీరు పేపర్లో రాసేవారు కదూ?” అని అడుగుతారు. “రాసేదాన్ని,” అని చెప్పి, పెట్టెల బొమ్మలు తీస్తుంది.

కాస్తులా అనాస అమ్మడం మానేసింది. అదే చోట ఉడికించిన మొక్కజొన్న పొత్తులు పెట్టుకుని కూర్చుంటోంది. ఓతీలియా అటు వెళ్ళినప్పుడు బల్ల కింద ఉన్న పీట బయటికి తోస్తుంది. ఇద్దరూ పక్కపక్కన కూర్చుంటారు. వానల గురించి, పొత్తుల ధర గురించి నాలుగు మాటలు. కొడుకు మాట ఆవిడ ఎత్తదు, ఈవిడ ఎత్తదు.

ఒక ఆదివారం పొద్దున్న వీధిలోంచి అంబులెన్సు కూత పెట్టుకుంటూ దక్షిణం వైపు పోయింది. వరండాలో ఫ్యాను విప్పుతున్న ఫెర్మిన్ తలెత్తి చూశాడు. ఓతీలియా అప్పటికే గేటు దాకా వెళ్ళి, చేత్తో ఊచ పట్టుకుని నిలబడిపోయి ఉంది.

“వెళ్ళాలనిపిస్తోందా?” అన్నాడు.

“వెళ్ళి ఏం చెయ్యను? ఇప్పుడు నేను వెళ్తే పెట్టె అమ్మడానికొచ్చిందంటారు.”

కూత దూరమయ్యేదాకా అక్కడే నిలబడింది. తర్వాత లోపలికొచ్చి పొయ్యి వెలిగించింది.